పెన్నీ లేన్ / స్ట్రాబెర్రీ ఫీల్డ్స్: రెండు మంచి పాటలు ఒకే సింగిల్‌లో వేయడం నిజంగా తప్పేనా?

విశాఖ_బేస్:

అందరికీ నమస్కారం. విశాఖలో నలుగురం కలిసి నడుపుకుంటున్న రాక్ బ్యాండ్ మాది. నేను బేస్ వాయిస్తాను. ఇన్నాళ్లూ కాలేజీ ఫెస్టుల్లో వేరేవాళ్ల పాటలే వాయించాం. ఇప్పుడు సొంతంగా రెండు తెలుగు పాటలు తయారయ్యాయి. ఒకటి మా గిటారిస్ట్ రాశాడు. తెల్లవారుజామున పూర్ణా మార్కెట్‌లో లారీలు దిగే హడావిడి మీద. రెండోది నాది. వన్‌టౌన్‌లో మా తాతయ్య ఉన్న పాత ఇంటి మీద. వాడిది హుషారు పాట, నాది నిదానంగా, కొంచెం మసకగా సాగుతుంది.

రెండూ కలిపి ఒకే సింగిల్‌గా, ఒకే అట్టతో వదులుదామని నా కోరిక. మా లెక్కలు చూసే స్నేహితుడు మాత్రం ససేమిరా అంటున్నాడు. "బీటిల్స్ అంతటివాళ్లే 1967లో పెన్నీ లేన్, స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఇలా ఒకే సింగిల్‌లో వేసి దెబ్బతిన్నారు, బ్రిటన్‌లో నంబర్ 1 పోయింది, వాళ్ల ప్రొడ్యూసరే తర్వాత బాధపడ్డాడు. ఒకటి ఇప్పుడు వదలండి, రెండోది మూడు నెలలాగి వదలండి" అని వాడి వాదన.

అది నిజమేనా? ఆ సింగిల్ నిజంగా దెబ్బతిందా?

ఇంకో సంగతి. ఈ గొడవ మొదలయ్యాక స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాను. సరిగ్గా ఒక నిమిషం దగ్గర పాటలో ఏదో మారుతోంది. గాలి మారినట్టు అనిపిస్తోంది తప్ప ఏం మారిందో పట్టుకోలేకపోతున్నాను. పైగా బేస్ తీసుకుని వాయిద్దామంటే శ్రుతి అటు ఎ కాదు, ఇటు బి-ఫ్లాట్ కాదు. ట్యూనర్ యాప్ రెండింటి మధ్యలో ఊగుతోంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

చార్టుల_చిట్టా:

లెక్కల సంగతి నేను చెబుతాను. పాటల సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్లు చెబుతారు.

అమెరికాలో 1967 ఫిబ్రవరి 13న, బ్రిటన్‌లో ఫిబ్రవరి 17న వచ్చింది. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక రికార్డుకి రెండు వైపులా ఉన్న పాటలకి విడివిడిగా స్థానం ఇచ్చేది. అక్కడ పెన్నీ లేన్ మార్చిలో 1కి వెళ్లింది, స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ 8 దాకా వెళ్లింది. బ్రిటన్‌లో మెలొడీ మేకర్ పత్రిక లిస్టులో ఇది నంబర్ 1. రికార్డ్ రీటైలర్ లిస్టులో 2 దగ్గర ఆగింది. ఆ కాలానికి ఇప్పుడు అందరూ రికార్డ్ రీటైలర్ లిస్టునే ప్రమాణంగా తీసుకుంటారు కాబట్టి ఆ 2 అనే అంకే చరిత్రలో మిగిలిపోయింది. అంతకుముందు 1963 మే మొదలు 1966 దాకా వాళ్లు వరుసగా 11 సింగిల్స్‌ని అదే లిస్టులో నంబర్ 1 చేశారు. అందుకే అప్పట్లో పేపర్లు "బుడగ పగిలింది" అన్న ధోరణిలో రాశాయి.

కానీ మీ స్నేహితుడి వాదన ఒకచోట నిలవదు. రెండు పాటలకీ సమాన హోదా ఇచ్చి, రెండూ ఎ సైడ్లే, అంటే ప్రధాన పాటలే, అని వదలడం బీటిల్స్‌కి అదేం మొదటిసారి కాదు. 1965 డిసెంబరులో డే ట్రిప్పర్, వుయ్ కెన్ వర్క్ ఇట్ అవుట్ అలాగే వచ్చాయి. 1966 ఆగస్టులో ఎల్లో సబ్‌మెరీన్, ఎలియనోర్ రిగ్బీ అలాగే వచ్చాయి. రెండుసార్లూ బ్రిటన్‌లో నంబర్ 1. రెండు పాటలు కలిపినందుకే నంబర్ 1 పోయేట్టయితే అప్పుడే పోవాలి కదా.

మరి 1967లో ఏమైంది? ఎదురుగా ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పాడిన రిలీజ్ మీ ఉంది. అది మార్చిలో నంబర్ 1కి చేరి ఆరు వారాలు కదల్లేదు, చార్టులో వరుసగా 56 వారాలు ఉంది. బ్రిటన్‌లోనే పది లక్షల కాపీలు దాటి అమ్ముడుపోయింది. అలాంటి పాట ఎదురుపడితే ఎవరైనా ఆగాల్సిందే.

మనవాళ్లకి ఆసక్తిగా ఉండే సంగతి ఒకటుంది. ఆ ఎంగెల్‌బర్ట్ పుట్టింది మద్రాసులో, 1936లో. అసలు పేరు ఆర్నాల్డ్ జార్జ్ డోర్సీ. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పనిచేసేవాడు. పదేళ్ల వయసులో కుటుంబం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కి వెళ్లిపోయింది. ఆయనకి ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ అనే పాతకాలపు జర్మన్ సంగీతకారుడి పేరు తగిలించిన మేనేజర్ గోర్డన్ మిల్స్ కూడా మద్రాసులో పుట్టినవాడే. రిలీజ్ మీ వేసిన కంపెనీ డెక్కా. 1962 జనవరి 1న బీటిల్స్‌ని ఆడిషన్‌కి పిలిచి, తర్వాత వద్దని పంపేసింది ఆ డెక్కానే.

పాతటేపు:

ముందు నీ బేస్ సంగతి తేల్చేద్దాం నాయనా. తప్పు నీ చెవిది కాదు, ట్యూనర్‌దీ కాదు. ఆ పాట నిజంగానే ఎ, బి-ఫ్లాట్ల మధ్య ఉంది. వాయించినప్పుడు ఆ శ్రుతిలో ఎవరూ వాయించలేదు. టేపు వేగం మార్చడం వల్ల అది అక్కడికి చేరింది. నువ్వు ఒక నిమిషం దగ్గర పసిగట్టిందీ ఆ వ్యవహారమే. కోడంబాకంలో సౌండ్ అసిస్టెంటుగా చాలాకాలం టేపు కోసి అతికినవాణ్ణి కాబట్టి ఈ పాట గురించి ఎవరడిగినా నేను కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఓపిగ్గా చదువు.

1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో కచేరీ చేసి, ఇక ఊళ్లు తిరిగి వాయించేది లేదని బీటిల్స్ ఆగిపోయారు. నలుగురూ తలోదిక్కుకి వెళ్లారు. జార్జ్ హ్యారిసన్ బొంబాయి వచ్చి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నాడు. జాన్ లెనన్ ఒక సినిమాలో వేషం కోసం స్పెయిన్‌లోని అల్మేరియా వెళ్లాడు. షూటింగుల్లో ఎంత ఖాళీ ఉంటుందో మద్రాసులో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ ఖాళీలో గిటార్ పట్టుకుని కట్టిన పాట ఇది.

నవంబరు 24న లండన్‌లో ఈఎంఐ స్టూడియోలో రికార్డింగ్ మొదలైంది. మొదటి టేక్, అంటే మొదటిసారి వాయించి రికార్డు చేసింది, ఇప్పుడు బయట దొరుకుతోంది, తప్పకుండా విను. చాలా నెమ్మదైన పాట. నాలుగు రోజుల తర్వాత మళ్లీ మొదలుపెట్టి, నెలాఖరుకి ఏడో టేక్ దగ్గర ఒక రూపానికి వచ్చారు. మొదట్లో వినిపించే వేణువుల్లాంటి శబ్దం మెలోట్రాన్‌ది. చూడ్డానికి హార్మోనియంకి పెద్దన్నలా ఉంటుంది, లోపల మాత్రం ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే అంతకుముందే ఎవరో వాయించి రికార్డు చేసిన వేణువు స్వరం ఎనిమిది సెకన్ల పాటు పలుకుతుంది. వేలు తీస్తే స్ప్రింగు టేపుని వెనక్కి లాగేస్తుంది. ఈ పాటలో అది వాయించింది పాల్ మెకార్ట్‌నీ.

ఏడో టేక్‌తో పని అయిపోయిందనుకున్నారు. లెనన్‌కి మాత్రం తృప్తి కలగలేదు. ఇంకా బరువుగా కావాలన్నాడు. డిసెంబరు 8 రాత్రి మళ్లీ కూర్చున్నారు. నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇది. ఆ రాత్రి ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ ఇద్దరూ ఒక సినిమా ప్రీమియర్‌కి వెళ్లి ఆలస్యంగా వచ్చారు. బీటిల్స్ ఆగుతారా? డేవ్ హ్యారీస్ అనే టెక్నికల్ ఇంజనీర్ కన్సోల్ ముందు కూర్చుని టేపు తిప్పాడు. వెనక్కి తిప్పి వినిపించే తాళాలు, దడదడలాడే డ్రమ్స్, అవన్నీ ఆ రాత్రి మొదలైనవే. పెద్ద ఇంజనీరు రాకముందు అసిస్టెంటు చేతికి పని దొరకడం అంటే ఏమిటో ఆ కుర్చీలో కూర్చున్నవాడికే తెలుస్తుంది. అక్కడ కూడా 15వ టేక్ మొదటి భాగం, 24వ టేక్ చివరి భాగం కోసి కలిపారు. దాని మీద మార్టిన్ రాసిన నాలుగు ట్రంపెట్లు, మూడు చెల్లోలు ఎక్కించారు. హ్యారిసన్ స్వరమండలం వాయించాడు. అదంతా కలిపి 26వ టేక్.

స్వరమండలం అంటే మన హిందూస్తానీ గాయకులు ఒళ్లో పెట్టుకుని మీటుతారే, అదే. రెండోసారి పల్లవి పూర్తయి చరణంలోకి వెళ్లేచోట పైనుంచి కిందికి జరజరా జారే తీగల మోత వినపడుతుంది, గమనించు. మద్రాసు స్టూడియోల్లో కల సీను అనగానే వేయించే వాయిద్యం. లివర్‌పూల్ కుర్రాళ్ల పాటలో అది ఎంత చక్కగా ఒదిగిందో వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. రెండు రకాలూ విన్న లెనన్‌కి ఏడో టేక్ మొదలు నచ్చింది, 26వ టేక్‌లో మిగతాది నచ్చింది. రెండూ అతకమన్నాడు. రెండింటి వేగం వేరు, శ్రుతి వేరు అని మార్టిన్ చెప్పాడు. అదేదో మీరే సర్దేయండి అని లెనన్ వెళ్లిపోయాడు.

ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. టేపు మీద వేగమూ శ్రుతీ ఒకదాన్నొకటి వదలవు. టేపుని నెమ్మదిగా తిప్పితే పాట నిదానిస్తుంది, శ్రుతీ దిగుతుంది. వేగంగా తిప్పితే రెండూ పెరుగుతాయి. 26వ టేక్ ఏడో టేక్ కన్నా వేగంగానూ ఉంది, దాదాపు అర శ్రుతి పైనా ఉంది, అంటే మనవాళ్ల లెక్కలో ఒకటిన్నర నుంచి రెండుకి ఉన్నంత తేడా. వేగంగా ఉన్నదే శ్రుతి తక్కువలో ఉండి ఉంటే ఆ రోజుల్లో దాన్ని అతికే మార్గమే లేదు. ఇప్పుడు నువ్వు కంప్యూటర్లో వేగం ముట్టుకోకుండా శ్రుతి మారుస్తావు, శ్రుతి ముట్టుకోకుండా వేగం మారుస్తావు. మాకు అలాంటి వెసులుబాటు లేదు. వాళ్లకీ లేదు. అర శ్రుతి అంటే వేగంలో 6 శాతం దాకా. ఆ మేరకు సర్దితే రెండు చిక్కులూ ఒక్క దెబ్బకి విడిపోయాయి. డిసెంబరు 22న మార్టిన్, ఎమెరిక్ కూర్చుని ఆ పని చేశారు.

అతకడం ఎలా ఉంటుందో కూడా చెబుతాను, ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. స్పూళ్ల మీద రెండు అరచేతులూ ఆనించి టేపుని హెడ్డు మీద ముందుకీ వెనక్కీ ఆడిస్తావు. మాట బూరబూరమని సాగి వినిపిస్తుంది. హల్లు ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఆపి టేపు వీపున తెల్ల పెన్సిల్‌తో గీత పెడతావు. తీసి అల్యూమినియం దిమ్మ గాడిలో పరుస్తావు. అందులో ఏటవాలుగా ఒక చీలిక ఉంటుంది, బ్లేడు అందులోంచి లాగాలి. రెండో ముక్కకీ అంతే. రెండు అంచులూ తాకేట్టు పెట్టి, వెనకవైపు అంటుటేపు వేసి గోరుతో రుద్దుతావు. అంచుల మధ్య వెంట్రుకవాసి సందున్నా టక్కుమంటుంది. బ్లేడుకి అయస్కాంతం అంటుకుని ఉన్నా టక్కుమంటుంది, అందుకని కోసే ముందు డీమాగ్నెటైజ్ చేసేవాళ్లం. సెకనుకి 15 అంగుళాలు పరిగెత్తే టేపు మీద ఆ అంగుళం ముక్కలో ఏం జరిగినా చెవి పట్టేస్తుంది.

మామూలుగా ఆ వాలు 45 డిగ్రీలు. ఎమెరిక్ ఇక్కడ అంతకన్నా బాగా పడుకున్న వాలులో కోశాడు. వడ్రంగి రెండు దూలాల్ని ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి వాల్చి అతికినట్టు. దాంతో ఒక టేక్ తగ్గుతూ రెండోది పెరుగుతూ వస్తుంది, గోడ కట్టినట్టు తెగదు. రెండోసారి పల్లవి మొదలుపెట్టి లెనన్ కొన్ని మాటలు పలికాడో లేదో టేక్ మారిపోతుంది. నీ గడియారంలో అదే ఒక నిమిషం. ఆ క్షణం నుంచి చెల్లోలు వచ్చేస్తాయి, డ్రమ్స్ బరువెక్కుతాయి. అన్నిటికన్నా గొంతు విను. వేగం తగ్గించిన టేపు కాబట్టి అతని గొంతు చిక్కబడి, నిద్రమత్తు పట్టినట్టు సాగుతుంది. గాలి మారినట్టుందని నువ్వు రాసింది చాలా సరిగ్గా ఉంది.

మాకు నేర్పిన పెద్దాయన దగ్గర దమ్‌దమ్ ఫ్యాక్టరీలో మన గ్రామోఫోన్ కంపెనీ ముద్రించిన బీటిల్స్ రికార్డులు కొన్ని ఉండేవి. ఈ అతుకు వినిపించి, "ఎక్కడుందో చెప్పినవాడికే బ్లేడు ఇస్తా" అనేవారు.

రెండోవైపు పాట దీనికి పూర్తిగా వ్యతిరేకం. పెన్నీ లేన్ డిసెంబరు 29న మొదలైంది, మెకార్ట్‌నీ ఒక్కడే పియానో మీద పియానో ఎక్కిస్తూ కట్టాడు. ప్రతి వాయిద్యం కడిగిన గాజుగ్లాసులా తేటగా వినపడుతుంది. జనవరి 11 రాత్రి టీవీలో బాఖ్ బ్రాండెన్‌బర్గ్ కచేరీ చూస్తూ, అందులో పైస్థాయిలో పలికే చిన్న ట్రంపెట్ విని ముచ్చటపడ్డాడు. అది వాయించిన డేవిడ్ మేసన్‌ని వారం తిరక్కుండా, జనవరి 17న స్టూడియోకి పిలిపించారు. మెకార్ట్‌నీ పాడి చూపిస్తుంటే మార్టిన్ స్వరాలు రాసుకున్నాడు, మేసన్ వాయించి వెళ్లాడు. ఆ పికోలో ట్రంపెట్ సోలోతో పాట రికార్డింగ్ పని ముగిసింది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ఆగస్టు తర్వాత సింగిల్ లేదు, కచేరీలు లేవు, బీటిల్స్ విడిపోతున్నారని పేపర్లు రాస్తున్నాయి. మేనేజర్ బ్రయాన్ ఎప్‌స్టీన్ ఏదో ఒకటి వెంటనే ఇమ్మని మార్టిన్ వెంటపడ్డాడు. చేతిలో సిద్ధంగా ఉన్నవి మూడు పాటలే. వాటిలో గట్టివైన రెండూ తీసి ఇచ్చాడు. సింగిల్‌గా అమ్మిన పాటని మళ్లీ ఆల్బమ్‌లో పెట్టి జనంతో రెండుసార్లు కొనిపించకూడదని వాళ్ల పద్ధతి, అందుకని జూన్ 1న వచ్చిన సార్జెంట్ పెప్పర్‌లో ఈ రెండూ లేవు. ఇది తన వృత్తిజీవితంలో పెద్ద పొరపాటని మార్టిన్ తర్వాతి కాలంలో అన్న మాట నిజమే.

మార్టిన్ అంటే నాకు గురుభావం. అయినా ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. ఆయన నంబర్ 1 కోసం, ఆల్బమ్ కోసం బాధపడ్డాడు. నేను ఆ ఏడంగుళాల రికార్డు కోసం సంతోషిస్తాను. ఒకే ఊళ్లో పెరిగిన ఇద్దరు స్నేహితులు, ఒకరికొకరు పోటీగా, ఒకే ఊరి మీద రెండు పాటలు కట్టారు. ఒకటి కళ్లు మూసుకుని చూసిన ఊరు, ఇంకోటి నీలాకాశం కింద కళ్లారా చూసిన ఊరు. తిరగేస్తే చాలు, ఒకడి ఊళ్లోంచి ఇంకొకడి ఊళ్లోకి వెళ్లొచ్చు. అట్ట మీద నలుగురి చిన్నప్పటి ఫోటోలు వేశారు. బ్రిటన్‌లో వాళ్ల సింగిల్‌కి బొమ్మల అట్ట వేయడం అదే మొదటిసారి. మూడు నెలల ఎడంతో వదిలి ఉంటే ఇదంతా ఎక్కడ ఉండేది?

మెర్సీ_ఒడ్డున:

పాతటేపు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను లివర్‌పూల్ ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ని. ఈ రెండు చోట్లూ నా రోజువారీ దారిలోవే కాబట్టి ఊరి వివరం కాస్త చెబుతాను.

పెన్నీ లేన్ వీధి నిజంగా ఉంది. కానీ పాటలో వచ్చే మంగలి షాపు, బ్యాంకు, మధ్యలో ఉన్న బస్ షెల్టర్ వీధి లోపల ఉండవు. వీధి చివర, స్మిత్‌డౌన్ రోడ్, ఆలర్టన్ రోడ్ కలిసే కూడలిలో ఉంటాయి. ఆ కూడలి మొత్తాన్నీ ఊరివాళ్లు పెన్నీ లేన్ అనే పిలుస్తారు. జాన్, పాల్ ఇద్దరూ చిన్నప్పుడు సిటీలోకి వెళ్లాలంటే బస్సు మారేది అక్కడే. వీధి పేరు రాసిన రేకు బోర్డులు అభిమానులు ఊడబీక్కుపోతుంటే విసిగి ఒక దశలో గోడల మీద పెయింటుతో రాయించారు.

స్ట్రాబెర్రీ ఫీల్డ్ అక్కణ్నుంచి రెండు మైళ్ల లోపే, వూల్టన్‌లో బీకన్స్‌ఫీల్డ్ రోడ్ మీద ఉంది. సాల్వేషన్ ఆర్మీ వాళ్లు 1936 నుంచి నడిపిన పిల్లల అనాథాశ్రమం. జాన్‌ని పెంచిన మిమీ పెద్దమ్మ ఇల్లు మెన్‌లవ్ ఎవెన్యూలో, అక్కణ్నుంచి కొద్ది నిమిషాల నడక. ఏటా వేసవిలో ఆశ్రమం తోటలో తిరునాళ్లలాంటిది జరిగేది, సాల్వేషన్ ఆర్మీ బ్యాండు వాయించేది, ఆవిడ జాన్‌ని తీసుకెళ్లేది. ఆ పాత భవనం 1970ల్లో కూల్చేశారు. 2005లో ఆశ్రమం మూసేశారు. 2019లో మళ్లీ తెరిచి లోపల ప్రదర్శన పెట్టారు, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న యువతకి ఉద్యోగ శిక్షణ ఇస్తున్నారు. రోడ్డు మీద కనిపించే ఎర్ర గేట్లు నకళ్లు, అసలువి లోపల తోటలో భద్రంగా ఉన్నాయి.

మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. అమ్మకి బీటిల్స్ ఎవరో తెలియదు. హెడ్‌ఫోన్స్ పెట్టి పాట వినిపిస్తే, "స్వరమండలం లాగుందే, ఎవరు వాయించారు?" అని అడిగింది. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న మనిషి, నేను ఏళ్ల తరబడి విని గమనించనిది మొదటిసారే పట్టుకుంది.

విశాఖ తమ్ముడికి ఒక మాట. ఆ పాటలు వచ్చినప్పుడు బయటి ప్రపంచానికి పెన్నీ లేన్ ఎక్కడుందో తెలియదు. వాళ్లు వివరించనూ లేదు. నువ్వు కూడా పూర్ణా మార్కెట్ అంటే ఏమిటో పాటలో వివరించే పని పెట్టుకోకు. వినేవాళ్లే వెతుక్కుంటారు.

విశాఖ_బేస్:

అందరికీ చాలా చాలా థాంక్స్. పాతటేపు సార్, మీరు చెప్పినట్టు ఒక నిమిషం దగ్గర గొంతు మాత్రమే పట్టుకుని విన్నాను. దొరికింది! ఇప్పుడు అది వినపడకుండా పాట వినడం కష్టంగా ఉంది. బేస్‌ని కూడా టేపుకి తగ్గట్టు కాస్త సవరించుకుని పాట మొత్తం వాయించేశాను. మా గిటారిస్ట్‌కి స్వరమండలం పిచ్చి పట్టింది, విజయవాడలో ఎవరి దగ్గరో ఉందని ఫోన్లు చేస్తున్నాడు.

మా స్నేహితుడికి ఇదంతా చదివి వినిపించాను. 1965, 1966 సింగిల్స్ లెక్క విన్నాక కాస్త మెత్తబడ్డాడు. ఇప్పుడు కొత్త మాట అంటున్నాడు. "అప్పుడు రికార్డు తిరగేసేవాళ్లు. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో తిరగేయడానికి ఏముంది? జనం ఒక పాట నొక్కుతారు, అది అయ్యేలోపు యాప్ వేరేవాళ్ల పాటలోకి తీసుకుపోతుంది. రెండో పాట ఎవరూ వినరు." దీనికి నా దగ్గర జవాబు లేదు సార్.

పాతటేపు:

మీ స్నేహితుడు అడిగింది సరైన ప్రశ్నే. అతన్ని కోప్పడకండి, డబ్బు లెక్క చూసేవాడు అడగాల్సిందే అడిగాడు.

1967లో కూడా రేడియో రెండు వైపులా వరుసగా వేసేది కాదు. ఒకటే వేసేది. తిరగేయాలంటే కొన్నవాడికి మనసు పుట్టాలి. వాళ్లు ఆ మనసు పుట్టించడానికి ఏం చేశారో చూడండి. అట్ట మీద చిన్నప్పటి ఫోటోలు వేశారని చెప్పాను. రెండో పని, రెండు పాటలకీ రెండు ఫిల్ములు తీశారు. అప్పట్లో బ్రిటన్‌లో టీవీకి వచ్చి రికార్డు పెట్టుకుని పెదాలు కదిలించడాన్ని మ్యూజిషియన్స్ యూనియన్ నిషేధించింది. వీళ్లేమో కచేరీలు మానేశారు, స్టూడియోలో చేసింది వేదిక మీద వాయించడం కుదిరే పని కాదు. అందుకని పీటర్ గోల్డ్‌మన్ అనే స్వీడన్ దర్శకుణ్ణి పిలిపించి జనవరి చివర్లో కెంట్‌లోని నోల్ పార్కులో స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ తీశారు. బ్యాండు వాయిస్తున్నట్టు ఎక్కడా చూపించరు. ఒక చెట్టు, దాని కొమ్మల నుంచి తీగలు లాగి కట్టిన పాత పియానో, వెనక్కి నడిచే బొమ్మలు. పెన్నీ లేన్‌కి గుర్రాలెక్కి తిరిగారు. రెండూ చూస్తే ఒకే ఇంటివాళ్లు తీసినవని తెలుస్తుంది. ఒకటి చూసినవాడు రెండోది వెతుక్కుంటాడు.

మీరు చేయాల్సిందీ అదే. రెండు పాటలూ ఒకే పేరు కింద, ఒకే అట్టతో, ఒకే తేదీన పెట్టండి. ఆ వీలు ఇప్పటి యాప్‌లలో ఉంది, మా మనవడు చూపించాడు. అట్ట మీద వన్‌టౌన్ ఇంటి గుమ్మం దగ్గర మీ తాతయ్యతో నువ్వున్న చిన్నప్పటి ఫోటో ఏదైనా ఉంటే అది, మీ గిటారిస్ట్‌ది మార్కెట్లో వాళ్ల నాన్నతో ఉన్నది ఉంటే అది, పక్కపక్కన వేయండి. హుషారు పాట ముందు పెట్టు. నీ పాట చివర్లో వాడి పాటలోని మార్కెట్ చప్పుడు ఒక అయిదు సెకన్లు దూరం నుంచి వినపడేట్టు కలుపు. యాప్ మధ్యలో ఎక్కడికి లాక్కుపోయినా, విన్నవాడికి ఆ చప్పుడు ఎక్కడిదో తెలుసుకోవాలనిపిస్తుంది.

మార్కెట్ చప్పుడు ఫోనులో రికార్డు చేయకండి. మంచి మైకు అద్దెకి తెచ్చుకుని, తెల్లవారుజామున లారీలు దిగేటప్పుడు వెళ్లండి. మైకుకి గాలి తొడుగు మరవొద్దు, సముద్రం గాలి మీకు తెలిసిందే. స్వరమండలం దొరికితే ముందు దాన్ని మీ పాట శ్రుతికి సరిచేయించి, తర్వాత రికార్డు చేయండి. చాలా తీగలుంటాయి, తొందరపడితే పాడవుతుంది.

రెండు మిక్సులూ అయ్యాక నాకు పంపు నాయనా. ఎంపీ3 వద్దు, వేవ్ ఫైళ్లు పంపు. హెడ్‌ఫోన్స్‌లో కాదు, పాత స్పీకర్ల మీద పెట్టి విని రాస్తాను.